తెల్లకాగితం ముందు తడబడే చేతికి

ఆదోని రణమండల కొండపై వీరాంజనేయుని దర్శించుకున్న భక్తులకు ఈ ఘట్టం సుపరిచితమే. సముద్రతీరాన వానరవీరులు తమ తమ బలాలను చెప్పుకుంటుండగా, హనుమ మాత్రం ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. బలం లేక కాదు, మునుల శాపం వల్ల అది జ్ఞప్తికి రాలేదు. జాంబవంతుడు గుర్తు చేసిన తరువాతే ఆయన దేహం పెరిగింది.

మీ ఇంటినుంచి డిజైన్ చదువుకు వెళ్లిన బిడ్డ కూడా అలాగే మౌనంగా ఉంటోందా? ఎమ్మిగనూరు చేనేత ఇంటినుంచో, ఆదోని పత్తి మార్కెట్ వీధినుంచో హైదరాబాదు నిఫ్ట్‌కో, వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థకో చేరిన పిల్లలను మొదటి ఏడాదే ఒక సందేహం పట్టుకుంటుంది. తోటివారి గీత తనకంటే చక్కనిదిగా తోస్తుంది. పరీక్షకుల ఎదుట తన బొమ్మను గోడకు తగిలించి, ‘ఇలా ఎందుకు గీశావు?’ అన్న ప్రశ్నకు బదులివ్వాలి. లెక్క తప్పితే తప్పింది లెక్కే. బొమ్మ బాగాలేదంటే మాత్రం తానే పనికిరానట్టు అనిపిస్తుంది. చదువు మానేసి రావాలనిపించేది ఆ రాత్రే.

ఆ రాత్రికి తగిన కథ మనకు చేరువలోనే ఉంది. మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన శ్రీ రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో వేంకటనాథుడు. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల వద్ద చదువుకునే రోజుల్లో, పాఠంలో చిక్కుముడి మిగిలిన చోట రాత్రులు మేల్కొని వ్యాఖ్య రాసుకునేవాడట. ఒకనాడు అలసి, కప్పుకోవడానికేమీ లేక చలిలోనే నిద్రించగా, గురువు ఆ రాతను చదివి తన శాలువా కప్పి వెళ్లారని ప్రతీతి. ఎవరికీ చూపని రాతను గురువు చూశారు!

ఆదోని వెంకన్న కథ కూడా పెద్దలు చెబుతారు. అక్షరం రాని పశువుల కాపరి స్వామిని తలచుకొని, నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చిన లేఖను చదివి దివాను అయ్యాడు. పిల్లలకు ఈ కథే ఎక్కువ ఇష్టం, సహజమే. అయినా డిజైన్ విద్యార్థికి శాలువా కథే దగ్గరిదని నా అభిప్రాయం. వెంకన్నకు వచ్చింది ఒక్క లేఖ, వీరికి వారం వారం ఒక లేఖ వస్తుంది.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఊరి పిల్లలకు మగ్గమే మొదటి బడి. జాకార్డు నేతలో పువ్వు నేరుగా బట్టమీద పూయదు. ముందు గళ్ల కాగితంపై గడి గడికీ రంగు నింపాలి. ఒక్కో గడి పడుగూ పేకా కలిసే చోటు. పిమ్మట వరుసకొక అట్ట చొప్పున రంధ్రాలు కొట్టాలి. నూరు వరుసల పువ్వుకు నూరు అట్టలు. ఒక్క రంధ్రం తప్పితే ఆ తప్పు ప్రతి పువ్వులోనూ కనబడుతుంది. అప్పుడు నేతగాడు మగ్గం అమ్ముకోడు, ఆ అట్ట వెతికి మారుస్తాడు.

కనుక చిరంజీవులారా, ‘నాకు చేతకాదు’ అన్న మాట నోటికి వచ్చినప్పుడు ‘ఏ అట్ట తప్పింది?’ అని అడిగి చూడండి. రంగా, కొలతా, వాడేవారి అవసరం తెలియకపోవడమా? తప్పుకు చోటు దొరికితే చేతికి పని దొరుకుతుంది. తలిదండ్రులకూ ఒక మనవి. బిడ్డ నిద్రాహారాలు మానే స్థితికి వస్తే మొక్కుతోనే సరిపెట్టక, అధ్యాపకులతోనూ వైద్యునితోనూ మాట్లాడండి.

పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు వారు ఇంటికి వచ్చినప్పుడు మార్కుల మాట ఎత్తకండి. బొమ్మల పుస్తకం తెరవమనండి, కొట్టివేసిన పుటలతో సహా.