పాత వ్యానులో ఇంజన్ ఆయిల్ కారడం: మూలం కనుక్కోవడం, ఇంట్లో సరిచేసుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ఆయిల్ ఎందుకు కారుతుందో వివరించగలుగుతారు.
• కారే చోటును క్రమపద్ధతిలో గుర్తించగలుగుతారు.
• ఇంట్లో చేసుకోదగిన పని ఏదో, మెకానిక్‌కు వదలవలసిన పని ఏదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

1984లో మార్కెట్లోకి వచ్చిన మారుతి వ్యాను తరువాత ఓమ్ని పేరుతో ప్రసిద్ధి చెందింది. దాని ఉత్పత్తి 2019లో ఆగిపోయింది. అంటే నేడు రోడ్డుమీద కనిపించే ప్రతి ఓమ్ని పాతబండే. సింహాద్రిపురం వంటి చీనీతోటల ఊళ్ళలో ఇటువంటి బండి మూలపడితే ఇంటి పనీ, తోట పనీ రెండూ ఆగిపోతాయి.

2. ఆయిల్ ఎందుకు కారుతుంది?

ఇంజన్ భాగాలు కలిసే చోట ప్యాకింగులు, తిరిగే ఇరుసుల చుట్టూ ఆయిల్ సీళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి వేడికి వీటి రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. మరో కారణం చాలామందికి తోచదు. పిస్టన్ రింగులను దాటి కిందికి దిగే వాయువులు బ్రీదర్ పైపు ద్వారా బయటపడాలి. ఆ పైపు మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీలు నుంచి కూడా ఆయిల్ బయటికి వస్తుంది.

3. బొట్టు పడిన చోటు, కారిన చోటు ఒకటి కాదు

నా అనుభవం ఒకటి చెబుతాను. మా పాత ఓమ్ని ఇంజన్ వెనుకభాగం కింద ఆయిల్ మరక కనిపించింది. ఒక మెకానిక్ గేరుబాక్సు దింపి క్రాంక్ వెనుక సీలు మార్చాడు. వారం తిరగకముందే మళ్ళీ మరక! ముందు సీటు ఎత్తి, ఇంజన్ శుభ్రంగా తుడిచి చూస్తే పైనున్న టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర తడి. అక్కడ ఊరిన ఆయిల్ ఇంజన్ గోడవెంట జారి కింద బొట్టుగా పడుతోంది. చిన్న ప్యాకింగుతో పోయేదానికి పెద్ద ఖర్చయింది. కనుక ఎప్పుడూ పైనుంచి కిందికి వెతకాలి.

4. మూలాన్ని గుర్తించే పద్ధతి

(అ) చదునైన చోట బండి ఆపి, కొన్ని నిమిషాల తరువాత గేజిపుల్ల తీసి చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి.
(ఆ) చల్లారిన ఇంజన్‌ను బ్రష్షుతో, కొద్దిపాటి కిరోసిన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వైర్లు తడపవద్దు, దగ్గరలో నిప్పు ఉండరాదు.
(ఇ) అనుమానమున్న అతుకులమీద ముఖానికి పూసుకొనే పౌడరు పలుచగా చల్లండి.
(ఈ) ఆరుబయట పది నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి చూడండి. అన్నింటికంటే పైన పౌడరు తడిసిన చోటే మూలం.
(ఉ) రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. నల్లటి కడప బండమీద బొట్టు కనిపించదు.

5. ఇంట్లో చేసుకోదగినవి

టాపెట్ కవర్: బోల్టులు వదులైతే కొద్దికొద్దిగా బిగించండి. ప్యాకింగ్ గట్టిపడితే కొత్తది వేయండి. అంచులు తుడిచేటప్పుడు గీతలు పడరాదు. బలంకొద్దీ బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది.

బ్రీదర్ పైపు: విప్పి, మడ్డి తీసి, పగిలితే మార్చండి.

డ్రెయిన్ నట్టు: ఆయిల్ మార్చినప్పుడల్లా కొత్త వాషర్ వేయండి.

క్రాంక్ వెనుక సీలు గేరుబాక్సు దింపితే తప్ప అందదు. అది మెకానిక్ పని.

6. జాగ్రత్తలు

జాకీ ఒక్కదానిమీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరవద్దు. ఇటుకలు పగులుతాయి, ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయండి. ప్రయాణంలో ఆయిల్ ఎర్రదీపం వెలిగితే వెంటనే ఇంజన్ ఆపండి. కొద్దిదూరమే కదా అని నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. వేడి సైలెన్సర్‌పై ఆయిల్ పడితే మంటలు రేగవచ్చు. తీసిన నల్ల ఆయిల్‌ను కాలువలో, తోటలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే వారికి ఇవ్వండి.

7. సారాంశం

ఆయిల్ కారడం రోగలక్షణం మాత్రమే. తుడవడం, చూడటం, ఆ తరువాతే విప్పడం – ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, లీకు మిగులుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కొత్త సీలు వేసినా మళ్ళీ కారితే మొదట ఏ భాగాన్ని పరీక్షిస్తారు? ఎందుకు?
2. మూలాన్ని పైనుంచి కిందికి ఎందుకు వెతకాలి?