గుర్రం బేరంలో వైద్యపరీక్ష: షరీఅత్ దృష్టిలో లోపం, ఖియార్

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ రైలు దిగినవారిని ఇల్లు చేర్చింది ఒకప్పుడు జట్కా బండ్లే. రిక్షాలు వచ్చాయి, వాటి వెనుక ఆటోలు వచ్చాయి, జట్కా పోయింది. అయినా గుర్రం బేరం పూర్తిగా పోలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి బతికేవారున్నారు. అటువంటివాడొకడు అప్పు తెచ్చిన సొమ్ముతో గుర్రం కొనబోతాడనుకుందాం. పశువైద్యుడు చూసి, ముందు ఎడమకాలు స్వల్పంగా కుంటుతోందంటాడు. అమ్మేవాడు ధర తగ్గిస్తాను, తోలుకుపొమ్మంటాడు. కొనాలా, మానాలా? కొన్నాక ఆ కాలే పనికిరాకుండా పోతే గుర్రాన్ని తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందా? ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదాన్ని వైద్యుడూ తీర్చడు, ధర్మవేత్తా తీర్చడు. రెండవదానికి ఫిఖ్హ్ గ్రంథాల్లో స్పష్టమైన సమాధానం ఉంది.

ముందు వైద్యుడు చూసేదేమిటో తెలుసుకోవాలి. నోరు తెరిచి ముందరి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళు రాలి శాశ్వతమైనవి సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు జతజతగా వస్తాయి. అయిదో ఏటికి నోరు నిండుతుంది. ఆ తర్వాత అరుగుదలను బట్టి చెప్పేది అంచనా మాత్రమే. గట్టి నేలమీద దుడుకు నడకన పరుగెత్తిస్తాడు. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకానినప్పుడు తల పైకెత్తుతుంది. కీలును కాసేపు మడిచి పట్టుకొని వదిలి, వెంటనే మళ్ళీ పరుగెత్తిస్తే దాగిన కుంటితనం బయటపడవచ్చు. గిట్ట అడుగుభాగం గీకి వాసన చూస్తాడు. కొల్లేటి చుట్టుపక్కల నల్లరేగడి తడిలో నెలల తరబడి నిలబడిన గుర్రానికి గిట్ట మెత్తబడి కుళ్ళడం సహజం. దాన్ని పొడినేల మీద కట్టి, శుభ్రంగా ఉంచి, వైద్యం చేయిస్తే చాలావరకు బాగవుతుంది. కాలి ఎముకలో వచ్చిన మార్పు అలా కాదు.

ఈ ప్రాంతంలో ఇంకొకటి మరువరాదు. కుట్టే జోరీగలు సర్రా అనే వ్యాధిని ఒక పశువు నుంచి మరొకదానికి మోస్తాయి. గేదెలూ ఎడ్లూ పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఆ సూక్ష్మజీవిని రక్తంలో ఉంచుకోగలవు. గుర్రం మాత్రం వచ్చిపోయే జ్వరంతో చిక్కి, పొట్ట కింద, కాళ్ళలో వాపు చేరి చనిపోవచ్చు. గేదెల మంద పక్కన కట్టిన గుర్రానికి రక్తపరీక్ష చేయించకుండా బేరం తెంచడం తెలివి కాదు. గ్లాండర్స్ సంగతి మరీ వేరు. అది మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం కిందికి వస్తుంది. అక్కడ ధర తగ్గింపు మాటే లేదు. సుడులు చూసి బెదిరేవారు ఈ పరీక్షలకయ్యే ఖర్చు చూసి వెనుకాడటం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇక ధర్మశాస్త్రం. లోపమున్న సరుకును, ఆ లోపం చెప్పకుండా అమ్మడం విశ్వాసికి తగదని హదీసు బోధిస్తోంది. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి లోపలి తడిని పట్టుకొన్న దైవప్రవక్త (స), తడిసిన గింజను జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన వృత్తాంతం ప్రసిద్ధం. మన దేశంలోని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇంత దూరం పోదు. దాని 17వ సెక్షనులో మొదటి మూడు ఉదాహరణలూ గుర్రం గురించే. రోగం తెలిసీ వేలంలో మౌనంగా ఉన్న అమ్మకందారు మోసగాడు కాడని మొదటిది చెబుతుంది. ‘మీరు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను’ అని కొనేవాడు ముందే అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానమని మూడవది చెబుతుంది. కనుక అడగడం నేర్చుకోవాలి.

హనఫీ ధర్మవేత్తల ప్రకారం, వర్తకుల వాడుకలో ధర తగ్గించేదేదో అదే లోపం. అది అమ్మేవాడి దగ్గర ఉన్నప్పటిదై, కొనేవాడికి తెలియనిదైతే, సరుకు తిప్పి ఇచ్చే హక్కు కలుగుతుంది. దీన్నే ఖియారుల్ ఐబ్ అంటారు. మన ఉదాహరణలో చిక్కు ఇక్కడే ఉంది. వైద్యుడు కుంటు చెప్పేశాడు. తెలిసి కొన్నాక ఆ కుంటు పేరున తిరిగి ఇవ్వడానికి వీల్లేదు. తగ్గిన ధరే దానికి ప్రతిఫలం. వైద్యుడికి చిక్కని పాత లోపం తర్వాత బయటపడితే మాత్రం హక్కు నిలిచే ఉంటుంది. అయితే లోపం తెలిశాక సొంత పనికి గుర్రమెక్కినా, దాని గాయానికి మందు వేసినా, సమ్మతించినట్టేనని హిదాయా చెబుతోంది. నీళ్ళకో, మేత కొనడానికో, తిరిగి అప్పగించడానికో ఎక్కితే ఆ దోషం లేదు. జీవితం తెలిసినవారు రాసిన శాస్త్రమిది!

అనుమానం తీరనివాడికి ఖియారుల్ షర్త్ ఉంది: ఇన్ని రోజుల్లో ఇష్టం లేకపోతే బేరం రద్దని ముందే షరతు పెట్టుకోవడం. ఇమామ్ అబూ హనీఫా మూడు రోజులకు మించనీయలేదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ గడువు నిర్ణీతమైతే ఎక్కువైనా చెల్లుతుందన్నారు. రక్తపరీక్ష ఫలితం రావడానికి పట్టే కాలం చూస్తే శిష్యుల మాటే నేడు ఉపయుక్తం. షరతు సాక్షుల ముందు కాగితం మీద ఉండాలి.

కాని షరతు ప్రమాదానికి భీమా కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక గుర్రాన్ని బేరమాడి, పరీక్షించడానికి ఎక్కగా అది దెబ్బతిన్నదనీ, తిరిగి తీసుకొమ్మంటే యజమాని ఒప్పుకోలేదనీ, తగవు షురైహ్ ముందుకు వెళ్ళిందనీ చరిత్రకారులు చెబుతారు. కొన్నదాన్ని ఉంచుకోండి, లేదా తీసుకొన్నప్పుడు ఉన్నట్టే తిరిగి ఇవ్వండి అని ఆయన ఖలీఫాకే తీర్పు చెప్పాడు. ఉమర్ (రజి) కోపగించలేదు. ఆయన్ను కూఫాకు ఖాజీగా పంపారు. షరతు గడువులోనైనా కొనేవాడి చేతిలో గుర్రం చెడితే సొమ్ము అతడే చెల్లించాలని హనఫీ నియమం.

అందుచేత ఫలితం వచ్చేవరకు గుర్రాన్ని అమ్మేవాడి కొట్టంలోనే ఉంచడం మేలు. రోజూ వెళ్ళి చూసుకోవచ్చు, బాజాల చప్పుడుకు బెదురుతుందేమో గమనించవచ్చు. ఊరేగింపు గుర్రానికి వేగం అక్కరలేదు. స్వల్పమైన కుంటు ఉన్నా, అది గిట్ట మెత్తబడినందువల్లనైతే, తగ్గిన ధరకు కొనవచ్చు. కీలుదో ఎముకదో అయితే, వరుణ్ణి మోస్తూ తారురోడ్డు మీద గంటల తరబడి నడవవలసిన జంతువని గుర్తుంచుకొని బేరం వదిలెయ్యాలి. వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న ‘కొనవచ్చా?’ అని కాదు, ‘ఈ కుంటు ఎక్కడిది?’ అని.