సమాంతర భాండారములలో పునరుక్తి పరిహారము

జగిత్యాలకు ‘జగ్త్యాల’ యనియు, కోరుట్లకు ‘కోరట్ల’ యనియు, సిరిసిల్లకు ‘సిర్సిల్ల’ యనియు వ్రాతభేదములు కానవచ్చుచున్నవి. గ్రామనామసూచికను కూర్చువాడు వ్రాతను మాత్రమే నమ్మినచో మూడూళ్ళు ఆరగును. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భాండారములందును ఇట్టి చిక్కే కలదు.

అక్షరకూర్పునకు ఉపకరించు ‘టెక్’ సాఫ్ట్‌వేరునకు ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయమునందును, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌నందును, అమెరికాలోని హంట్స్‌విల్‌నందును వేర్వేరు భాండారములు ఉండెడివి. 1992లో వానిని ఒకే అమరికకు తెచ్చుటకు పూనుకొని, 1993లో ‘సీటాన్’ అను పేర ప్రకటించిరి.

ఇట్టి యేకీకరణమున నామసామ్యము సూచనయే కాని ప్రమాణము కాదని మా యభిప్రాయము. ఫైలులోని సమస్తమును గణించి తీసిన గుర్తు ‘హ్యాష్’. రెండింటి హ్యాష్ ఒక్కటియైనచో అవి దాదాపు నిశ్చయముగా యేకప్రతియే; ఒకటి చాలును. భిన్నమైనచో, తాళపత్ర ప్రతులకు వలె, ఏది మాతృకయో ఏది సవరణయో విచారింపవలెను, అనుమతిపత్రములను సరిచూడవలెను. విడిచిన పేరును తుడిచివేయక, నిలిచిన ప్రతికి దారి చూపునట్లు ఉంచవలెను.

ఉపేక్షించినచో ఒక ప్రతిలో దిద్దిన దోషము రెండవదానిలో నిలిచిపోవును. తొందరపడి కలిపినచో ఒకరి కృషి నశించును. కావున పాఠపరిష్కర్తకు వలసిన యోర్పే ఇచ్చటను వలయును.