హెడ్‌లైటు గుడ్డిదైతే తప్పు బల్బుదేనా?

మిర్యాలగూడ చుట్టుపక్కల వరికోతలు మొదలైతే రోడ్లు సగానికి సగం ఇరుకవుతాయి. తారు మీద వడ్లు ఆరబోస్తారు. వాటిని ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగటిపూట ఆ రాళ్లు అందరికీ కనిపిస్తాయి. పొద్దుగూకిన తర్వాత కనిపించాలంటే బండికి దీపం ఉండాలి.

సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి పట్నం వచ్చి, పనులు చక్కబెట్టుకుని ఇళ్లకు మళ్లే చిన్న మోటారు సైకిళ్లను సందె చీకట్లో ఓ అరగంట నిలబడి చూస్తే సంగతి బోధపడుతుంది. కొన్ని బళ్లకు దీపమే వెలగదు. కొన్నింటికి వెలుగుతుందన్న పేరేగాని ఆ పసుప్పచ్చని వెలుతురు ముందు చక్రం దాటి నాలుగు గజాలు పోదు. ఇంకొన్ని చెట్ల కొమ్మలను చూసుకుంటూ పోతుంటాయి. పాల క్యాన్లు కట్టుకున్న బండి, వెనుక భార్యనూ ముందు ట్యాంకు మీద బిడ్డనూ కూర్చోబెట్టుకున్న బండి, అన్నీ ఆ వరసలోనే. అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: బల్బు పోయింది, రేపు మార్పిస్తాం.

ఆ రేపు రావడం ఒక కష్టమైతే, వచ్చినా బాగుపడకపోవడం మరో కష్టం. దీపం వెలగని ప్రతి బండికీ బల్బే పోయి ఉండదు. ఈ రచయిత బండికి ఒకే నెలలో మూడు బల్బులు మార్చవలసి వచ్చింది. మూడోది మాడిన తర్వాత చూస్తే అసలు తప్పు రెగ్యులేటరు బిగించిన చోట పట్టిన తుప్పుది. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే పోయే దానికి మూడు బల్బుల ఖర్చు!

కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచి కాదు

1985లో హీరో హోండా సి.డి.100 వచ్చినప్పటి నుంచి, 1994లో స్ప్లెండర్ వచ్చి పల్లెపల్లెకూ పాకినప్పటి నుంచి, మన ప్రాంతంలో నూరు సి.సి. బండి అంటే ఆ కుటుంబానిదే అన్నట్టయింది. ఆ పాత బళ్లన్నింటిలో ఒక ఏర్పాటు ఉంది. హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు బ్యాటరీ మీద పనిచేస్తాయి. హెడ్‌లైటు, మీటరు దీపం, వెనుక ఎర్రదీపం మాత్రం ఇంజను పక్కన తిరిగే మాగ్నెటోలోని లైటింగు కాయిలు నుంచి నేరుగా కరెంటు తీసుకుంటాయి. కనుక ఇంజను ఆపితే ఈ దీపాలు ఆరిపోతాయి. యాక్సిలరేటరు వదిలితే మసకబారుతాయి, తిప్పితే ప్రకాశిస్తాయి. ఇది రోగం కాదు. బండి పుట్టుకతో వచ్చిన స్వభావం.

ఇలా ఎందుకు చేశారంటే లెక్క సులభమే. హెడ్‌లైటు 35 వాట్లు. 12 ఓల్టుల దగ్గర దానికి సుమారు 3 ఆంపియర్ల కరెంటు కావాలి. కిక్కు కొట్టే ఆ బళ్లలో ఉన్న బ్యాటరీ 2.5 ఆంపియర్-అవర్లది. దాని నుంచి తోడుకుంటే గంటసేపు కూడా వెలగదు.

ఈ సంగతి తెలిస్తే సగం తనిఖీ అయినట్టే. హారన్ బాగానే మోగుతోంది గనుక కరెంటు వస్తున్నట్టే, బల్బే పోయిందని చాలామంది తేల్చేస్తారు. హారన్‌కూ హెడ్‌లైటుకూ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నప్పుడు ఒకటి రెండోదానికి సాక్ష్యం ఎలా చెబుతుంది? చూడవలసింది మీటరు దీపాన్నీ వెనుక దీపాన్నీ. అవి వెలుగుతూ హెడ్‌లైటు ఒక్కటే ఆరితే తప్పు బల్బులోనో, దాని హోల్డరులోనో, డిమ్ము-డిప్పరు స్విచ్చిలోనో ఉంటుంది. మూడు దీపాలూ ఒకేసారి పోతే బల్బు జోలికి పోనక్కర లేదు. లైటు స్విచ్చి, రెగ్యులేటరు, కాయిలు, వాటి మధ్య వైర్లు వరసగా చూడాలి. డిమ్ములో వెలిగి డిప్పులో వెలగకపోతే రెండు ఫిలమెంట్లలో ఒకటి తెగిందన్నమాట. లేదా స్విచ్చి ఆ పక్కన అరిగి ఉంటుంది.

కొందరు ముందు ఫ్యూజు విప్పుతారు. ఈ పాత బళ్లలో ఫ్యూజు బ్యాటరీ దారిలో ఉంటుంది, హెడ్‌లైటు దారిలో కాదు. దాన్ని మార్చినా దీపం రాదు. మార్చడమే గాక సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవారూ ఉన్నారు. దీపం రాకపోగా ఏదో ఒకనాడు వైరింగంతా కాలిపోతుంది.

ఎక్కువ తప్పులు ఎక్కడంటే

హ్యాండిలు మెడ దగ్గర. రోజుకు ఎన్ని వందల సార్లు హ్యాండిలు అటూ ఇటూ తిరుగుతుందో, అన్నిసార్లూ హెడ్‌లైటు గిన్నెలోకి పోయే వైర్ల కట్ట మడత పడుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. కొంతకాలం మసకగా వెలుగుతుంది, గతుకు వచ్చినప్పుడు ఆరి మళ్లీ వెలుగుతుంది, ఒకనాడు పూర్తిగా పోతుంది. దీన్ని పట్టుకోవడానికి పనిముట్లు అక్కర లేదు. ఇంజను నడుస్తుండగా బండిని స్టాండు మీద నిలిపి, హ్యాండిలును ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. దీపం మిటకరిస్తే చోటు దొరికినట్టే. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టితే వారం రోజులకు మళ్లీ అదే కథ. ఆ ముక్క తీసేసి కొత్త వైరు టంకం వేయించుకోవాలి.

రెండో చోటు ఎర్తు. బల్బుకు వచ్చిన కరెంటు తిరిగి బండి చట్రం గుండా పోవాలి. ఆ దారిలో తుప్పో చిలుమో ఉంటే ఓల్టేజీ అక్కడే తగ్గిపోతుంది. ఓల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడోవంతు పోతుంది. కనుక ఓల్టు, ఓల్టున్నర తేడా అని తీసిపారేయడానికి లేదు. హీరో హోండా బళ్లలో సాధారణంగా పచ్చవైరు ఎర్తు, నీలివైరు దూరపు వెలుగు, తెల్లవైరు దగ్గరి వెలుగు. మెకానిక్కు వద్ద ఉండే టెస్టు ల్యాంపు, అంటే రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు, ఇక్కడ బాగా పనికివస్తుంది. దాని ఒక కొస నీలివైరుకూ మరో కొస ఇంజను మీది శుభ్రమైన లోహానికీ తగిలించి, ఇంజను స్టార్టు చేసి దూరపు వెలుగు స్విచ్చి వేసినప్పుడు అది వెలిగి, అసలు హెడ్‌లైటు వెలగకపోతే తప్పు బల్బుదో పచ్చవైరుదో అని తేలిపోతుంది. బల్బు తీసి దీపానికెదురుగా పట్టి చూస్తే ఫిలమెంటు తెగిందో లేదో కంటికే తెలుస్తుంది గదా.

వాటర్ సర్వీసింగు చేయించిన మర్నాడే దీపం పోయిందని చెప్పేవాళ్లు తక్కువేమీ కాదు. ఒత్తిడితో కొట్టిన నీళ్లు హ్యాండిలు స్విచ్చిలోకీ హోల్డరులోకీ దూరతాయి. లోపలి రాగి పలకలు పచ్చబడతాయి. స్విచ్చి విప్పి సన్న గరుకు కాగితంతో రుద్ది ఆరబెడితే చాలావరకు పనిచేస్తుంది. గిన్నెలోకి దూరిన నీటిచెమ్మ అద్దం వెనుక మెరుపునూ తినేస్తుంది. ఆ మెరుపు ఒకసారి నల్లబడితే ఎంత మంచి బల్బు పెట్టినా దండగే, రిఫ్లెక్టరు మార్చుకోవలసిందే.

బల్బులు వరసగా మాడుతుంటే మాత్రం అనుమానం రెగ్యులేటరు మీద పెట్టాలి. ఇంజను వేగం పెరిగే కొద్దీ కాయిలు ఎక్కువ ఓల్టేజీ పుట్టిస్తుంది. 13, 14 ఓల్టులకు మించినదాన్ని రెగ్యులేటరు ఎర్తులోకి మళ్లించి బల్బును కాపాడుతుంది. అది పాడైనా, దాని ఎర్తు బోల్టు దగ్గర తుప్పు పట్టినా ఆ రక్షణ ఉండదు. ఓల్టేజీ కేవలం 5 శాతం పెరిగితేనే బల్బు ఆయుష్షు సగానికి పడిపోతుంది. పాత లూనాల మీద తిరిగినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. ముందు దీపం మాడిన కాసేపటికే వెనుక దీపమూ మాడేది. ముందుదాని వాటా కూడా వెనుకదాని మీదే పడేది మరి.

పెద్ద బల్బు పెడితే?

దుకాణంలో వినిపించే మాట ఒకటుంది: "అన్నా, వెలుగు సాలుత లేదు, పెద్ద బల్బు ఎయ్యి." 35 వాట్లకు తగ్గట్టు చుట్టిన కాయిలు 60 వాట్లు ఇవ్వలేదు. బలవంతాన కూర్చోబెడితే ఓల్టేజీ పడిపోయి పెద్ద బల్బు ఎర్రగా, ముందుకన్నా మసకగా వెలుగుతుంది. హోల్డరు కరగడం అదనం. హాలోజన్ బల్బు మార్చేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై గాజు చెడుతుంది. గుడ్డతో పట్టుకుంటే సరిపోతుంది.

చౌకగా దొరికే ఎల్.ఇ.డి. బల్బుల మోజు ఇప్పుడు ఎక్కువ. ఫిలమెంటు ఉండవలసిన చోటు లెక్క చూసి చేసిన రిఫ్లెక్టరులో వాటిని పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది. నడిపేవారికి తెల్లగా గొప్పగానే కనిపిస్తుంది. ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆ క్షణంలో వాడు వడ్ల చుట్టూ పేర్చిన రాయిని చూడలేడు. కంపెనీ ఇచ్చిన దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఒప్పుకోదు.

2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన బళ్లకు హెడ్‌లైటు ఆర్పే స్విచ్చి లేదు. ఇంజను నడిచినంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. పగలు దండగ అనుకుని వైరు పీకించుకున్నవారు కొందరున్నారు. ఆ దీపం మనకు దారి కనిపించడానికి కాదు, మనం ఎదుటివారికి కనిపించడానికి. కొత్త బళ్లలో కొన్నింటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద నడుస్తుంది. యాక్సిలరేటరు తిప్పినా వదిలినా వెలుగు మారకపోతే అది ఆ రకమని గుర్తు. అలాంటి బండికి దీపం మసకబారితే ముందు బ్యాటరీనీ దాని చార్జింగునూ చూపించుకోవాలి. ఫ్యూజు మాట ఇక్కడ వర్తిస్తుంది.

దీపం బాగానే ఉండి చెట్ల మీదికి పోతుంటే ఖర్చేమీ లేదు. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరాన బండి నిలిపి, ఎక్కి కూర్చోండి. దగ్గరి వెలుగు పై అంచు హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తుకన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుగా గోడ మీద పడాలి. లేకపోతే హెడ్‌లైటు బోల్టు వదులు చేసి సరిచేసుకోవచ్చు. వెనుక మనిషో బస్తానో ఎక్కితే బండి వెనక్కి కుంగి ముక్కు పైకి లేస్తుంది. రోజూ బరువుతో తిరిగేవారు ఆ బరువుతోనే చూసుకోవాలి.

ఇక నడిరోడ్డు మీద దీపం పోయిందనుకోండి. వెంటనే యాక్సిలరేటరు వదిలి, డిప్పరు స్విచ్చి రెండో వైపుకు నెట్టి చూడండి. తెగింది ఒక ఫిలమెంటే అయితే రెండోది వెలుగుతుంది, దానితో ఇల్లు చేరవచ్చు. అదీ వెలగకపోతే ఎడమ ఇండికేటరు వేసి, అంచుకు దిగి ఆగండి. పాత బళ్లలో అది బ్యాటరీ మీద పనిచేసేది గనుక, వెనుక ఎర్రదీపం కూడా పోయినా, మీరక్కడ ఉన్నట్టు వెనుక వచ్చేవారికి తెలుస్తుంది. తారు దిగి నిలబడ్డాక మెడ దగ్గరి వైర్ల కట్టను ఒకసారి కదిపి, హోల్డరును అదిమి చూడండి. చాలాసార్లు అక్కడే దారికి వస్తుంది. రాకపోతే ఏ లారీ ఎర్రదీపాన్నో పట్టుకుని వెనుకే పోదామనుకోవద్దు. లారీ చక్రాల మధ్య నుంచి సాగిపోయిన గుంత మీ ముందు చక్రం కిందికే వస్తుంది. బండిని దగ్గరి ఊళ్లో తెలిసినవారి వాకిట పెట్టి, వచ్చే బస్సు ఎక్కండి.