పత్యం కన్నా వేళ ముఖ్యం

థైరాయిడ్ గ్రంథి తీయించుకుని మార్కాపురమో గిద్దలూరో తిరిగొచ్చిన మనిషికి ముందు ఎదురయ్యేది పత్యం. క్యాబేజీ వద్దు, సోయా వద్దు, సజ్జరొట్టె అసలే వద్దంటారు. సజ్జల మీద అనుమానం ఊరికే పుట్టలేదు. అవే ముఖ్యాహారమైన సూడాన్ ప్రాంతాల్లో గొంతువాపు గురించి పరిశోధించినవారు, సజ్జల్లోని కొన్ని పదార్థాలు గ్రంథి పనికి అడ్డుపడతాయని చూపారు. కానీ గ్రంథి మొత్తం తీసేశాక అవి అడ్డుపడేది దేనికి? సగం మిగిలినవారు కూడా అయోడిన్ ఉప్పు వాడుతూ మితంగా తింటే బెంగ అక్కర్లేదు. క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ ఇచ్చే ముందు డాక్టరు చెప్పే పత్యం వేరు, దాన్ని కొన్నాళ్ళు తప్పక పాటించాలి. సజ్జరొట్టెతో అసలు చిక్కు వేళ దగ్గర వస్తుంది. గ్రంథికి బదులుగా రోజూ వేసుకునే థైరాయిడ్ హార్మోను మాత్ర మింగిన వెంటనే తింటే అందులోని పీచు మందును ఒంటికి పట్టనివ్వదు. కాఫీ, పాలు చేసేదీ అంతే. అందుకే మాత్ర పరగడుపున, మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే 4 గంటల ఎడం కావాలి. తెల్లారకముందే పొలానికి పోయేవారు డాక్టరుకు చెప్పి, రాత్రి భోజనమైన 3 గంటలకు వేసుకోవచ్చు.

జీవితాంతం మాత్రా, అలవాటైపోదా అని అడుగుతారు. 1883లో స్విస్ సర్జన్ థియోడర్ కోచర్ గ్రంథి మొత్తం తీసిన తన పాత రోగులను పిలిపించి చూస్తే, చాలామంది ఒళ్ళు ఉబ్బి, మనసు మందగించి కనిపించారు. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే గ్రంథి పనిచేయని ఒకామెకు గొర్రె థైరాయిడ్ రసం ఇచ్చాడు. దాంతోనే ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. ఒంట్లో తయారు కావలసినదాన్ని బయటి నుంచి అందించడమే ఇది, మత్తుమందు అలవాటు లాంటిది కాదు. అయితే ఈ హార్మోను సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. నాలుగు రోజులు మానినా ఏమీ కాలేదనిపించేది అందుకే. ఆ ధీమాతోనే చాలామంది మానేస్తారు. మోతాదు సరిపోయిందో లేదో ఒంటి తీరుకన్నా 6 నుంచి 8 వారాలకు చేసే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షే కచ్చితంగా చెబుతుంది.

ఆపరేషన్ అయిన మొదటి వారంలో మాత్రం థైరాయిడ్ కన్నా కాల్షియాన్ని కనిపెట్టుకోవాలి. దాన్ని అదుపులో ఉంచే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు థైరాయిడ్ వెనకే ఉంటాయి. ఆపరేషన్లో అవి కమిలితే పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో చిమచిమలు మొదలై, చేతులు కొంకర్లు పోతాయి. రాగిజావ తాగితే పోదా అంటారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ గంటల్లో పడిపోతున్న మట్టాన్ని జావ నిలబెట్టలేదు. గిద్దలూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలన్నా నల్లమల అడవి దాటాలి. కాబట్టి డిశ్చార్జికి ముందే కాల్షియం పరీక్ష అయిందో లేదో అడగండి, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు రాయించుకోండి. చిమచిమలు మొదలైతే తెల్లారేదాకా ఆగకండి.