పాత కారుకు టర్బో ఇంజిన్... ముందు ఆర్సీ చూస్కోండి

పాత కారు దొరికింది, ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ వేయిద్దాం అనుకుంటే గన్నవరం కుర్రాళ్లకు మొదట గుర్తొచ్చేది విజయవాడ ఆటోనగరే. అసలు ఆ పనేంటో చూద్దాం.

వరుసగా ఆరు సిలిండర్లుంటే క్రాంక్ ప్రతి 120 డిగ్రీలకు ఒకటి మండుతుంది. అందుకే వణుకు తక్కువ. టర్బో ఏమో బయటికి పోయే వేడి పొగతోనే తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, పవర్ పెరుగుతుంది. కానీ వేడికి పెట్రోలు వేళకాని వేళ అంటుకుంటే పిస్టన్లు పగుల్తాయి. అందుకే కంప్రెషన్ తగ్గించాలి, గట్టి ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఇంటర్‌కూలర్ వేయాలి. బ్రేకులు, గేర్‌బాక్స్ కూడా ఆ పవర్‌కు తగ్గట్టు ఉండాలి.

అసలు చిక్కు కాగితాల దగ్గర. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే రకం ఇంజిన్ వేయాలన్నా అధికారి అనుమతి కావాలి. ఇక 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ ‘వీఏ’ నంబర్ కావాలంటే ఇంజిన్, ఛాసిస్, బాడీ మార్చి ఉండకూడదు.

అంటే లక్షలు పోసి టర్బో వేయిస్తే వింటేజ్ హోదా పోతుంది, రోడ్డెక్కితే కేసూ కావచ్చు. మెకానిక్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఒకసారి రవాణా శాఖ ఆఫీసుకెళ్లి అడగండి భాయ్.