పందెం ఆగినా పరుగు ఆగరాదు

పోటీలు వాయిదా పడగానే పరుగు అలవాటు కూడా అటకెక్కుతుంది. రెండు మూడు వారాలు మానేస్తే చాలు, గుండెకూ ఊపిరితిత్తులకూ కూడిన దమ్ము తగ్గడం మొదలవుతుంది.

దీనికి స్నేహపూర్వకమైన పంతం మంచి మందు. బ్రిటన్ సంగతే చూడండి. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలై ఊరూరా పాకిన 'పార్క్‌రన్' శనివారపు 5 కిలోమీటర్ల పరుగులు కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిపోయాయి. ఇంగ్లండులో మళ్ళీ మొదలయ్యేసరికి 2021 జూలై వచ్చింది. ఈలోగా ఎవరి వీధిలో వారు ఒంటరిగా పరుగెత్తి, పట్టిన సమయాన్ని నమోదు చేసుకున్నారు. పరుగు సంఘాలు చాలాచోట్ల తమవారి కిలోమీటర్లను కూడి పొరుగు సంఘంతో పోటీపడ్డాయి.

మీ పేటలోనూ అలా చేయవచ్చు. అయితే మందుకు మోతాదు ఉన్నట్లే పంతానికీ ఉండాలి. కిలోమీటర్లు లెక్కిస్తే ఇద్దరు ముగ్గురే సంఘం భారమంతా మోసి మోకాళ్ళు పాడుచేసుకుంటారు. వారానికి ఎందరు, ఎన్ని రోజులు కదిలారో లెక్కించండి. అప్పుడు మెల్లగా నడిచే బామ్మగారూ మీ జట్టుకు బలమే. పెద్దలకు వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. మాట్లాడగలిగినంత వేగమే క్షేమం.

రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును సంప్రదించాలి. జ్వరం ఉన్నరోజు విశ్రాంతి తీసుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళండి. సంఘం పరువు కోసం ఇంకొక్క ఫర్లాంగు పరుగెత్తవద్దు.